బ్రెడ్ మెషిన్‌లో పూర్ణం బ్రెడ్డు: పూర్ణం ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి

కర్నూలు నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. మీ అక్క అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన బ్రెడ్ మెషిన్ ఇంట్లో ఉంది, ఓవెన్ మాత్రం లేదు. ఈ క్రిస్మస్‌కు ఇరుగుపొరుగుకు పంచడానికి, కోస్తే లోపల చుట్టలు చుట్టలుగా పూర్ణం కనిపించే తీపి బ్రెడ్డు చేయాలనుకున్నారు. మెషిన్ బీప్ అన్నప్పుడు శనగపప్పు పూర్ణం వేశారు. అది పిండిలో పూర్తిగా కలిసిపోయి, మట్టిరంగు ముద్దగా మారి, కాలిన తర్వాత నడిమధ్య గుంటపడింది. పూర్ణం ఎప్పుడు వేయాలి, అసలు ఈ మెషిన్‌తో ఇది అయ్యే పనేనా అన్నది మీ సందేహం.

అయ్యే పనే. అయితే మెషిన్ తిరుగుతుండగా పూర్ణం ఎప్పుడూ వేయకూడదు. పిండి పిసకడం, మొదటిసారి పొంగించడం మెషిన్‌కు వదిలేయండి. ఆ తర్వాత పిండిని బయటికి తీసి, పీట మీద ఒత్తి, పూర్ణం పరిచి, చాపలాగా చుట్టి, పిండి కలిపే రెక్కను తీసేసిన పాన్‌లో తిరిగి పెట్టండి. మళ్లీ పొంగిన తర్వాత మెషిన్‌లోనే కాల్చండి. దీనితో పాటు పూర్ణాన్ని మీరు బక్షాలకు (బొబ్బట్లకు) చేసుకునే దానికంటే బాగా పొడిగా చేసుకోండి. ఈ రెండూ పాటిస్తే ఓవెన్ లేకపోయినా మీరు కోరుకున్న బ్రెడ్డు వస్తుంది.

నేను అనంతపురంలో రెండేళ్లు ఒక అయ్యంగార్ బేకరీలో పిండి దగ్గర పనిచేసి, ఆ తర్వాత పన్నెండేళ్లుగా ఇంటి నుంచే ఆర్డర్ల మీద బన్నులు, బ్రెడ్లు చేసి ఇస్తున్నాను. అందులో ఏడేళ్లుగా పిండి కలపడానికి బ్రెడ్ మెషిన్‌నే వాడుతున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచి రాస్తున్నదే. రొట్టె అంటే మన వైపు జొన్నరొట్టే కాబట్టి, గందరగోళం లేకుండా దీన్ని బ్రెడ్డు అనే అంటాను.

ముందుగా ఆ బీప్ ఎందుకు ఉందో తెలుసుకుంటే జరిగిన పొరపాటు అర్థమవుతుంది. పిసకడం ముగియడానికి కొన్ని నిమిషాల ముందు మెషిన్ ఆ శబ్దం చేస్తుంది. ఎండుద్రాక్ష, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ వంటి ముక్కలను అప్పుడు వేస్తే, అప్పటికే సాగుడు వచ్చిన పిండిలో అవి నలిగిపోకుండా అంతటా సర్దుకుంటాయి. పూర్ణం ముక్క కాదు, ముద్ద. రెక్క నాలుగు చుట్లు తిరిగేసరికి అది పిండిలో భాగమైపోతుంది. అందులోని బెల్లం తడిని తనవైపు లాక్కుంటూ కరిగి పిండిని జారుగా చేస్తుంది, మెదిగిన పప్పు, పిండికి సాగుడునిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య చేరి వాటిని తెంచుతుంది. పైగా తీపి ఒక్కసారిగా పెరగడం వల్ల ఈస్టు మందగిస్తుంది. పిండి బరువులో సుమారు పదో వంతు దాటి చక్కెర పడితే ఈస్టుకు నీరు అందడం కష్టమవుతుంది, ఆ స్థితిలో అది చాలా నెమ్మదిగా పొంగుతుంది. ఇలా బలం పోయిన పిండి వేడికి పైకి లేచినా ఆ ఎత్తును నిలుపుకోలేదు. మీ బ్రెడ్డు మధ్యలో గుంట పడటానికి కారణం అదే, ఈస్టు పాడైపోవడం కాదు.

ఈ యంత్రం పుట్టుక గురించి ఒక విషయం ఇక్కడ చెప్పాలి. 1980ల్లో జపాన్‌లో మత్సుషితా (ఇప్పటి పానాసోనిక్) కంపెనీ దీన్ని తయారు చేస్తున్నప్పుడు, ఎంత ప్రయత్నించినా పిండి సరిగా మెదిగేది కాదట. ఆ సంస్థలో పనిచేసే ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు, ఒసాకాలో ఒక హోటల్ ప్రధాన బేకర్ దగ్గర చేరి పని నేర్చుకుని, ఆయన పిండిని లాగుతూనే మెలితిప్పుతున్నాడని కనిపెట్టారు. ఆ లాగుడు యంత్రంలో రావడానికి లోపలి గోడలకు గట్లు అమర్చారు. అంటే ఈ యంత్రం అనుకరించేది బేకర్ చేతి పనుల్లో ఒక్కదాన్నే, పిసకడాన్ని. పరచడం, మడవడం, చుట్టడం దానికి రావు. అందుకే లోపల కూరిన బ్రెడ్డు ఏది చేసినా మధ్యలో ఒక పది నిమిషాలు మన చేయి పడవలసిందే.

ఇక కొలతలకు వస్తాను. పూర్ణం లేని బ్రెడ్డుకు మీరు 400 నుంచి 500 గ్రాముల మైదా వేస్తుండవచ్చు. పూర్ణం కూడా చేరుతుంది కాబట్టి ఇక్కడ 350 గ్రాములు మించవద్దు, మించితే పైకి పొంగి మూతకు అంటుకుంటుంది. దానికి కాచి చల్లార్చిన పాలు 175 మి.లీ., గుడ్డు ఒకటి, చక్కెర 40 గ్రాములు, వెన్న 40 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 5 గ్రాములు వేయండి. గుడ్డు వాడనివాళ్లు పాలను 215 మి.లీ.కి పెంచి, రెండు పెద్ద చెంచాల పాలపొడి కలుపుకోవచ్చు. పాలు తప్పకుండా కాచినవే కావాలి, ఎందుకంటే పచ్చిపాలలోని కొన్ని ప్రొటీన్లు పిండి సాగుడును తగ్గిస్తాయి. మన ఇళ్లలో పాలు ఎలాగూ కాస్తాం కాబట్టి ఇది ఇబ్బంది కాదు, కానీ పుస్తకాల్లో ఈ మాట చదివి కంగారుపడి అడిగేవాళ్లు ఉన్నారు.

మైదా విషయంలో ఒక జాగ్రత్త. మన దుకాణాల్లో దొరికే మైదాలో ప్రొటీన్ సాధారణంగా తక్కువగా ఉంటుంది, అమెరికా మెషిన్‌తో వచ్చిన పుస్తకంలోని కొలతలు మాత్రం ఎక్కువ ప్రొటీన్ ఉన్న బ్రెడ్ పిండికి రాసినవి. కాబట్టి ఆ పుస్తకంలో చెప్పినన్ని నీళ్లు పోస్తే మన మైదా జావలా అవుతుంది. నేను 350 గ్రాములకు 8 గ్రాముల గ్లూటెన్ పొడి కలుపుతాను. అది దొరక్కపోతే పాలు పది, పదిహేను మి.లీ. తగ్గించి మొదలుపెట్టండి. గోధుమపిండి ఆరోగ్యమని మొత్తం అదే వేయకండి, దానిలోని పొట్టు గ్లూటెన్ పోగులను కోస్తుంది, చుట్టిన బ్రెడ్డు పొంగదు. కావాలంటే 70 గ్రాముల వరకు కలపండి, అంతే.

ఎన్ని కొలతలు చెప్పినా, మెషిన్ పిసకడం మొదలుపెట్టిన ఏడెనిమిది నిమిషాలకు మూత తీసి పిండిని చూడటాన్ని మించినది లేదు. ఆ సమయంలో పిండి నున్నటి ఉండలా తిరుగుతూ, అడుగున కొద్దిగా మాత్రమే అంటుకుంటూ, వేలు పెడితే కాస్త జిగురుగా తగలాలి. అంచులకు పూసినట్టు పరుచుకుంటే ఒక చెంచా మైదా చల్లండి. పగుళ్లతో గట్టిగా కొట్టుకుంటూ తిరుగుతుంటే ఒక చెంచా పాలు పోయండి. మన రాయలసీమ గాలి పొడిగా ఉంటుంది, ఎండాకాలంలో డబ్బాలో ఉన్న మైదా కూడా ఎండిపోతుంది. ఒకే కొలతకు ఏప్రిల్‌లో నాకు పదిహేను, ఇరవై మి.లీ. పాలు అదనంగా పడుతుంటాయి. వానల రోజుల్లో అదే పిండి పాలు తక్కువ అడుగుతుంది.

పాల వేడి కూడా కాలాన్ని బట్టే. ఈస్టుకు 25 నుంచి 35 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది, 60 డిగ్రీల దగ్గర అది చనిపోతుంది. డిసెంబరు రాత్రి మీ వైపు చలిగానే ఉంటుంది కాబట్టి వేలికి గోరువెచ్చగా తగిలే పాలు పోయండి. ఇదే బ్రెడ్డును ఉగాదికి చేస్తే మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోయాలి. పిసికేటప్పుడు రాపిడికి పిండి వేడెక్కుతుంది, బయట ఎండ 40 డిగ్రీలు ఉన్నప్పుడు దానికి గోరువెచ్చని పాలు కూడా తోడైతే, అరగంటలోనే పిండి విపరీతంగా పొంగి పులుపు వాసన వస్తుంది. నేను మొదటి ఏడాది ఉగాదికి చేసిన ఆరు బ్రెడ్లలో నాలుగు అలాగే పోయాయి. ఆ రోజు ఈస్టు పొట్లాన్ని అనుమానించి మరొకటి కొన్నాను, కానీ కారణం పాల వేడి అని ఆ తర్వాత వారం తేలింది.

ఇప్పుడు అసలు విషయమైన పూర్ణం. మీ ప్రశ్నలో దీని గురించి తక్కువగా అడిగారు, కానీ ఈ బ్రెడ్డు బాగా రావడమా పాడవడమా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలుతుంది.

బక్షం పెనం మీద రెండు వైపులా నాలుగైదు నిమిషాల్లో కాలుతుంది, పైపొర పలుచగా ఉంటుంది, లోపలి తడి ఆవిరై బయటికి పోతుంది. బ్రెడ్డులో పూర్ణం దాదాపు గంటసేపు మందపాటి పిండి మధ్య ఆవిరిలో ఉడుకుతుంది. దానిలోని తడి వెళ్లడానికి దారి లేక పక్కనున్న పిండిలోకి దిగుతుంది. ఆ పిండి కాలదు, ఉడికీ ఉడకని సంకటిలా జిగటగా మిగిలిపోతుంది. కొంత తడి ఆవిరిగా మారి పైనున్న పిండిని నెట్టుతుంది, అప్పుడు పూర్ణానికీ పైపొరకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ వస్తుంది. కోసినప్పుడు చుట్టలు విడిపోయి, పూర్ణం ఒకవైపు, బ్రెడ్డు ఒకవైపు పడటం చూసే ఉంటారు. అది చుట్టడంలో లోపం అనుకుంటారు, నా అనుభవంలో పదిలో ఏడుసార్లు అది పూర్ణంలో తడి.

శనగపప్పు పూర్ణానికి 100 గ్రాముల పప్పు, 90 గ్రాముల బెల్లం చాలు. పప్పును మెత్తగా చిదిమితే చితికేంత వరకే ఉడికించండి, కుక్కర్లో ముద్ద చేయకండి. నీళ్లన్నీ జల్లెడలో వంపి, ఆ కట్టును చారుకు తీసిపెట్టుకోండి. పప్పును ఒక గుడ్డ మీద పరిచి అరగంట ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం బక్షాలకు ఎవరూ చేయరు, బ్రెడ్డుకు మాత్రం తప్పదు. తర్వాత నీళ్లు లేకుండా రుబ్బి, తరిగిన బెల్లంతో మందపాటి గిన్నెలో సన్నటి మంట మీద కలుపుతూ ఉండండి. మొదట బెల్లం కరిగి పలుచనవుతుంది, భయపడకండి. గరిటె నిలబెడితే పడిపోకుండా నిలిచి, గిన్నె అంచులను వదిలి ముద్ద ఒకచోటికి వచ్చిన తర్వాత కూడా ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. చల్లారిన పూర్ణాన్ని ఉండ చేసి అరచేతిలో నొక్కితే చేతికి తడి అంటకూడదు, ఉండ అంచులు కొద్దిగా పగలాలి. ఏలకుల పొడి దించిన తర్వాత కలపండి. చిత్తూరు బెల్లం కొన్నిసార్లు మెత్తగా, తేమగా వస్తుంది, అప్పుడు మంట మీద సమయం మరింత పడుతుంది.

పూర్ణం పూర్తిగా చల్లారాకే పిండి మీద పరచాలి. వెచ్చగా ఉంటే ఈస్టు అక్కడికక్కడే పొంగడం మొదలై చుట్ట వంకరపోతుంది, వెన్న కరిగి పొరలు జారుతాయి. నేను ముందు రోజు రాత్రే పూర్ణం చేసి ఫ్రిజ్‌లో పెడతాను. ఉదయానికి అది ఇంకాస్త గట్టిపడి ఉంటుంది.

బేకరీలో పనిచేసిన రోజుల్లో దిల్‌పసంద్‌కు, కొబ్బరి బన్నుకు లోపలి తీపి కలిపేటప్పుడు మా మాస్టరు ఎండిన బ్రెడ్డు పొడి రెండు గుప్పిళ్లు వేయమనేవారు. మిగిలిన బ్రెడ్డు వృథా కాకుండా ఇలా చేస్తున్నారని అప్పట్లో అనుకునేవాణ్ణి. కొబ్బరి, చక్కెర వదిలే పాకాన్ని ఆ పొడి పీల్చుకుంటుందని, అందుకే బన్ను అడుగు తడవదని చాలా కాలానికి తెలిసింది. ఇంట్లో ఆ పని బొంబాయి రవ్వ చేస్తుంది. పిండి ఒత్తిన తర్వాత, పూర్ణం పరిచే ముందు, వేయించిన రవ్వ ఒక పెద్ద చెంచా పలుచగా చల్లండి. పుట్నాల పొడి ఉంటే ఇంకా మంచిది, రుచి కూడా కలుస్తుంది.

చలిదేశాల పండగ బ్రెడ్లను చూసినా ఇదే పద్ధతి కనిపిస్తుంది. స్లొవేనియాలో పొటీత్సా అనే బ్రెడ్డులో వాల్‌నట్ల పొడిని పలుచటి పిండి మీద పరిచి చుడతారు. పోలండ్‌లో క్రిస్మస్‌కు చేసే మాకోవియెత్స్‌లో మనం కుర్మాలో వేసుకునే గసగసాలే ఉంటాయి. వాటిని వేడి పాలలో నానబెట్టి, గట్టిగా పిండేసి, మెత్తగా నూరి తేనెతో కలుపుతారు, ముద్ద కట్టడానికి గిలకొట్టిన గుడ్డు తెల్లసొన చేరుస్తారు. జర్మనీ వాళ్ల ష్టొల్లెన్‌లో బాదం, చక్కెర కలిపి నూరిన గట్టి ముద్దను పొడుగ్గా చేసి మధ్యలో పెట్టే అలవాటు ఉంది. వీటిలో ఏ ఒక్కదానిలోనూ కారే తీపి లేదు. జామ్ పూసి చుట్టమని వీడియోల్లో చూపిస్తుంటారు, దాన్ని మెషిన్‌లో మాత్రం ప్రయత్నించకండి. అది కరిగి పాన్ అడుగుకు చేరి మాడి, పాన్ పూతను కూడా పాడుచేస్తుంది.

మీరు మొదటిసారి చేస్తున్నారు కాబట్టి నా సలహా అడిగితే, శనగపప్పుకంటే వేరుశనగతో మొదలుపెట్టమంటాను. మా జిల్లాలో ఈ పంటకు కొదవ లేదు, మీ కర్నూలు వైపు వీటినే బుడ్డలు అంటారు. 150 గ్రాముల గింజలు దోరగా వేయించి, పొట్టు తీసి, రవ్వలా ఉండేటట్టు పొడి చేసి, 80 గ్రాముల బెల్లం తురుము, 20 గ్రాముల వేయించిన నువ్వులు, రెండు చెంచాల పాలు కలిపితే చాలు. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆ నూనె వల్ల పొరలు ఒకదానికొకటి అతకవు. ఈ తీపిలో తడి దాదాపు లేదు కాబట్టి జిగట పొర రాదు, చుట్టలు చక్కగా కనిపిస్తాయి, నాలుగు రోజులు నిలవ కూడా ఉంటుంది. నా దగ్గర ప్రతి డిసెంబరులో ఎక్కువగా అడిగేది ఇదే. ఎండుకొబ్బరితో చేసినా బాగుంటుంది, పచ్చికొబ్బరి మాత్రం వద్దు. ఖర్జూరం వాడాలనుకుంటే నీళ్లలో నానబెట్టకుండా, నేతిలో మెత్తబడేదాకా మగ్గించి, బాదం పొడి కలిపి గట్టిపరచండి. రంజాన్‌కు మా వీధిలో వాళ్లు అడిగితే అలాగే చేసి ఇస్తాను.

ఏ తీపి అయినా 250 నుంచి 275 గ్రాములు దాటవద్దు. మీ పిండి ముద్ద సుమారు 650 గ్రాములు ఉంటుంది, తీపి దానిలో సగానికి లోపే ఉండాలి. దాల్చినచెక్క, లవంగం వేయదలచుకుంటే లోపలి తీపిలోనే వేయండి, పిండిలో ఎక్కువైతే అవి ఈస్టును అణచివేస్తాయి.

మెషిన్‌లో నడిపే విధానం రెండు రకాలు. మీ మెషిన్‌లో పిండి కలిపి పొంగించడానికి ఒక ప్రోగ్రామ్, కాల్చడానికి మాత్రమే మరొక ప్రోగ్రామ్ విడిగా ఉంటే, నేను వాటినే వాడమంటాను. పిండి ప్రోగ్రామ్ గంటన్నర పడుతుంది. అది ముగిశాక పిండిని తీసి, చుట్టి, పాన్‌లో పెట్టి, మెషిన్ ఆపి ఉంచి మూత మూయండి. పిండి తీసిన వెచ్చదనం లోపల ఇంకా ఉంటుంది, అది చాలు. డిసెంబరులో గంట నుంచి గంటా పావు, ఎండాకాలంలో నలభై నిమిషాలు పడుతుంది. పాన్‌లో ముప్పాతిక వంతు ఎత్తు వచ్చి, వేలితో మెల్లగా నొక్కితే పడిన గుంట నిదానంగా, సగం మాత్రమే పూడితే కాల్చడానికి సిద్ధమైనట్టు. వెంటనే పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైంది, తక్షణం కాల్చండి.

కాల్చే ప్రోగ్రామ్ విడిగా లేకపోతే మామూలు తీపి బ్రెడ్డు ప్రోగ్రామే పెట్టి, మెషిన్ చివరిసారి పిండిని అణచిన వెంటనే బయటికి తీయాలి. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో మెషిన్ పుస్తకంలో పట్టికగా ఇస్తారు. లేదంటే ముందు ఒకసారి మామూలు బ్రెడ్డు చేస్తూ, రెక్క చివరిసారి తిరిగినప్పుడు తెర మీద ఎంత సమయం మిగిలి ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మెషిన్‌ను ఆపకుండానే పాన్ తీసి, పది నిమిషాల్లో చుట్టి పెట్టేయాలి. గడియారంతో పరుగు కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు కష్టంగా ఉంటుంది, పూర్ణం, రవ్వ, కర్ర అన్నీ ముందే పీట దగ్గర పెట్టుకోండి. ఆలస్యంగా పనిచేసే టైమర్ పెట్టి రాత్రంతా వదిలేయడం వద్దు, పాలు, గుడ్డు ఉన్న పిండి అలా ఉంచకూడదు.

చుట్టేటప్పుడు చేతులకు, పీటకు పొడిపిండి బదులు కొద్దిగా నూనె రాసుకోండి. పొడిపిండి ఎక్కువైతే పొరలు అతకవు. పిండిని అప్పడాల కర్రతో పాన్ పొడవుకంటే ఒక అంగుళం తక్కువ వెడల్పు, సుమారు అడుగున్నర పొడవు వచ్చేలా ఒత్తండి. పిండి వెనక్కి ముడుచుకుపోతుంటే బలవంతంగా లాగకుండా, గుడ్డ కప్పి ఐదు నిమిషాలు వదిలేయండి, అదే సాగుతుంది. పైన పాలు గానీ గిలకొట్టిన గుడ్డు గానీ పలుచగా పూసి, రవ్వ చల్లి, తీపిని పరచండి. మూడు అంచుల్లో వేలు వెడల్పు, చుట్ట ముగిసే అంచున రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. గాలి చిక్కకుండా బిగుతుగా చుట్టి, చివరి అంచును కజ్జికాయ అంచు నొక్కినట్టు నొక్కండి. రెండు కొసలనూ మూసి కిందికి మడవండి. మూసిన గీత అడుగుకు వెళ్లేలా పాన్‌లో పెట్టండి. చివరగా పొడవాటి పుల్లతో నాలుగైదు చోట్ల అడుగు దాకా గుచ్చితే, ఇందాక చెప్పిన ఆవిరి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది.

అంచులు మూయడంలో ఓపిక పట్టండి. మెషిన్‌లో వేడి తీగ పాన్ చుట్టూ కింది భాగంలో ఉంటుంది, పైన మూతలో చాలా మెషిన్లకు వేడి ఉండదు. బెల్లం ఏ సందులోంచైనా కారి పాన్ గోడను తాకితే అక్కడ నల్లగా మాడి అంటుకుపోతుంది. అందుకే రంగు ఎంపికలో ఎప్పుడూ లేతదే పెట్టండి. పైభాగం మాత్రం తెల్లబోయినట్టే వస్తుంది, దానికి బాధపడవలసిన పని లేదు. వేడిగా ఉండగానే కరిగించిన వెన్న ధారాళంగా పూసి, కాస్త చల్లారాక చక్కెర పొడి దట్టంగా చల్లండి. జర్మనీ ష్టొల్లెన్‌కు చేసేది కూడా ఇదే, క్రిస్మస్ పళ్లెంలో ఎంతో అందంగా ఉంటుంది.

కాలడానికి 50 నుంచి 60 నిమిషాలు. పుల్ల గుచ్చి చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు, పూర్ణం తగిలి పుల్ల ఎప్పుడూ తడిగానే వస్తుంది. వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, నిజంగా అక్కరకొచ్చే వస్తువు. చుట్ట నడుమ 90 నుంచి 93 డిగ్రీలు చూపిస్తే కాలినట్టు. అది లేకపోతే పూర్తి 60 నిమిషాలు ఉంచండి, పూర్ణం ఉన్న బ్రెడ్డుకు ఐదు నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతే మాత్రం లోపల పచ్చి. ఎప్పుడైనా ఎవరింట్లోనైనా ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) దొరికితే, ఇదే చుట్టను టిన్నులో పెట్టి రెండు రాడ్లూ వేసి 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాల్చండి. సగం సమయం తర్వాత పైన అల్యూమినియం ఫాయిల్ కప్పాలి.

మీ మెషిన్ అమెరికాది కాబట్టి ఇంకో మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మీరు ఇప్పటికే వాడారంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే ఉంటారు. మెషిన్ వెనక రాసి ఉన్న వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్నదేనా అని చూసుకోండి, గంటసేపు కాల్చేటప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు, అందువల్ల కొన్ని మెషిన్లలో మోటారు కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. పిండి ఉండను సాగదీస్తే పలుచటి పొరలా రాకుండా తెగిపోతుంటే, పిసకడం అయ్యాక ప్రోగ్రామ్‌ను ఆపి మొదటి నుంచి పెట్టి ఇంకో పది నిమిషాలు పిసకనివ్వండి. కాల్చే మధ్యలో కరెంటు పోయి కొద్ది నిమిషాల్లో వస్తే మూత తీయకుండా కాల్చే ప్రోగ్రామ్ మళ్లీ పెట్టండి. పొంగేటప్పుడు పోతే అసలు ఇబ్బందే లేదు, గది వేడికి అదే పొంగుతుంది.

కాలిన బ్రెడ్డును పాన్‌లో పది నిమిషాలకు మించి ఉంచకండి, అడుగు చెమ్మగిల్లుతుంది. జాలీ మీద పెట్టి కనీసం రెండు గంటలు ఆగాలి. లోపలి పిండి గట్టిపడటం చల్లారేటప్పుడే పూర్తవుతుంది, వేడిగా కోస్తే బాగా కాలిన బ్రెడ్డు కూడా పచ్చిగా ఉన్నట్టు కత్తికి అంటుకుంటుంది. శనగపప్పు పూర్ణం పెట్టినది చలికాలంలో రెండు రోజులు, ఎండాకాలంలో ఒక్క రోజే బయట ఉంచండి.

పండగకు వారం ముందు ఒకటి చేసి చూసుకోండి, అప్పుడు మీ మెషిన్ ఎంతసేపట్లో కాలుస్తుందో తెలిసిపోతుంది. ఒక్క మెషిన్‌లో ఒక బ్రెడ్డుకు పిండి కలపడం నుంచి చల్లారేదాకా ఆరు గంటలు పడుతుంది కాబట్టి, నాలుగిళ్లకు పంచాలంటే రెండు రోజులు పెట్టుకోవాలి. 22వ తేదీ రాత్రి తీపి అంతా ఒకేసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. 23న ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, 24న మళ్లీ అలాగే. ముందు రోజు చేసే రెండూ వేరుశనగవి, తర్వాతి రెండూ శనగపప్పువి అయితే అన్నీ తాజాగా ఉంటాయి. ముక్కలు మాత్రం అప్పుడే కోయకండి. 25న ఉదయం చర్చి నుంచి వచ్చాక, రంపపు పళ్ల కత్తితో, నొక్కకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ వేలు మందాన కోస్తే చుట్టలు చెదరకుండా వస్తాయి.